సలహాదారుని కాయకము

కాయకమనగానే మన మనస్సునకు తోచునవి మగ్గము, నాగలి, చాకిరేవు, పడవ. శరణులు తమ తమ వృత్తులతోనే ప్రసిద్ధులైరి. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఈ కాయకములన్నిటికి ఒక సౌలభ్యము కలదు. ప్రొద్దు గ్రుంకు వేళకు చేసినదేదో కంటికి కనబడును. ఉతికిన బట్ట తెల్లగా నున్నదా లేదా, పడవ ఆవలి గట్టు చేరినదా లేదా యని పసిబిడ్డయైనను చెప్పగలడు. ఆ కాయకము శుద్ధమో కాదో తేల్చుటకు సాయంకాలమే సాక్షి.

సాయంకాలము సాక్ష్యమీయలేని కాయకములు మన కాలమున పెరిగినవి. సలహా చెప్పుట అట్టిది. కట్టడమునకు ప్లాను వేయు ఇంజనీరు, సంస్థ లెక్కలు చక్కదిద్దుటకు వచ్చిన ఆడిటరు, దూరదేశముల కంపెనీలకు కంప్యూటరు పద్ధతులు నెలకొల్పుచున్న మన పిల్లలు, వీరందరు ఇతరుల కార్యమునకు బుద్ధిసాయము చేయువారు. ఆ కార్యము రెండేండ్లు సాగవచ్చును, అయిదేండ్లు సాగవచ్చును. ప్రతిఫలము నెలకింతయనియో దినమునకింతయనియో లెక్క. మొదటి దినమున అడిగిన ప్రశ్న మూడవ సంవత్సరమున ఎవరికిని జ్ఞాపకముండదు. పని మాత్రము జరుగుచునే యుండును. అట్టివాని కాయకము శుద్ధమగుట ఎట్లు? తాను దారిలో నున్నాడో, దారి తప్పి చాలదూరము నడచినాడో అతనికి తెలియుట ఎట్లు?

శ్రద్ధగా, నిజాయితీగా పనిచేసిన చాలునని కొందరందురు. నేనును చిరకాలము అట్లే తలంచితిని. ఒక అనుభవము ఆ తలంపును కదిలించినది గనుక దానిని ముందుగ చెప్పుకొందును.

ప్రభుత్వోద్యోగము నుండి విరమించిన పిదప రాయలసీమలోని ఒక మఠమువారు నన్ను పిలిచిరి. అచట ఉండి చదువుకొను బాలురు అరువదిమంది. వారు వసారాలలోను, పాత పశువుల పాకలోను పడుకొనుచుండిరి. వచ్చు ఏటి వానలలోపల వారికొక వసతిగృహము కావలెనని ధర్మకర్తల తీర్మానము. తీర్మానము ఒకే వాక్యము. ప్లాను వేయుట, అంచనా కట్టుట, పని పూర్తియగువరకు సలహా చెప్పుట నా వంతు. ప్రయాణపు ఖర్చులతోబాటు కొంత గౌరవవేతనము కూడ ఏర్పరచిరి.

కొలతలు వేసిన నెలకే ఒక దాత వచ్చి, క్రింద కల్యాణమండపము కట్టి పైన పిల్లలను ఉంచినచో మండపము అద్దెతో వసతిగృహము నడచునని చెప్పెను. మాట బాగుగ నుండెను. ప్లాను మార్చితిని. పై అంతస్తును మోయుటకు పునాదులు లోతు కావలెను గనుక అంచనా పెరిగెను. అంచనాకు తగిన చందాలు కావలెను గనుక రెండు జిల్లాలు తిరిగితిమి. చందా ఇచ్చిన మరియొకరు గ్రంథాలయము కోరిరి. వేరొకరు విశాలమైన దాసోహశాల కోరిరి. దాసోహము మన ధర్మమే కదా, ఎవరు కాదందురు? ప్రతి మార్పునకు ఒక మంచి కారణముండెను. ప్రతి మార్పునకు ఒక క్రొత్త ప్లాను పుట్టెను. సభలో ఆ ప్లానును విప్పి చూపునపుడు పదిమంది మెచ్చుకొనుట నాకు ప్రియముగ నుండెనని దాచనేల? ఇట్లు మూడు వానకాలములు గడచెను.

మూడవ వానకాలమున పాక కురిసి, తడిలో పడుకొనిన ఒక బాలునికి జ్వరము తగిలెను. తండ్రి వచ్చి ఇంటికి తీసికొనిపోయెను. జ్వరము తగ్గినది గాని బాలుడు చదువునకు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు తండ్రి వాని రేకుపెట్టె కొరకు వచ్చెను. అతడు కంబళ్లు నేయువాడు. ఆ సమయమున నేను బల్లమీద నాలుగవ ప్లాను పరచుకొని కూర్చుండితిని. అతడు కొంతసేపు నిలుచుండి చూచి, “అయ్యా, కాగితాలు శానా రాసినారు. మావానికి కావాల్సింది ఒక గోడ, ఒక కప్పు” అనెను. కోపముతో అనలేదు. పెట్టె తలకెత్తుకొని పోయెను.

నేను సోమరినై యుండలేదు. ఒకరి సొమ్ము తినలేదు. ఎండలో తిరిగితిని, రాత్రులు మేలుకొని గీతలు గీచితిని. మరి దోషమెక్కడ?

దీనికి సమాధానము నాకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథలో దొరకినది. కల్యాణములో నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమ దాసోహము నడపిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ వానిని చూచి సంతసింపలేదు. ఇది మనకు చెల్లినది కాదని, ఎక్కువైనదానిని తిరిగి అచటనే పోసి రమ్మనెను. మారయ్య దొంగిలింపలేదని, ఆ గింజలును దాసోహమునకే తెచ్చెనని గమనింపవలెను. దొంగతనము లేదు, దురుద్దేశము లేదు. ఐనను లక్కమ్మ దృష్టిలో ఆ ఎక్కువ కాయకమును మలినపరచినది. ఆనాటి అక్కర ఎంతయో అంతయే కాయకము. దానిని మించినది ఆశ. ఆశ మంచిపని వేషమున వచ్చినపుడు దానిని గుర్తించుట మిక్కిలి కష్టము.

దీర్ఘకార్యములు సోమరితనము చేత చెడుట తక్కువ. సోమరిని అందరు గుర్తింతురు, తొలగింతురు. అవి ఎక్కువగా చెడునది ఇట్టి మంచి గింజల చేతనే. నా ప్లానులలోని మండపము, గ్రంథాలయము, దాసోహశాల, అన్నియు మేలైన బియ్యమే. అడిగినది మాత్రము అవి కావు. సలహాదారునికి మరియొక చిక్కు కలదు. కార్యము సాగిన కొలది అతని ప్రతిఫలము సాగును, కార్యము పెరిగిన కొలది అతని గౌరవము పెరుగును. తన లాభము, కార్యనష్టము ఒకే దారిన నడచునపుడు మనిషి తన్ను తాను అనుమానించుకొనవలెను. లక్కమ్మవంటివారు ఇంటిలో లేనపుడు ఆ అనుమానమే లక్కమ్మ.

ఐనచో దీర్ఘమైన సలహాకార్యమేదియు నిలువదా? నిలిచినదానిని మన ప్రాంతమునందే చూడవచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. చనిపోయినవారు సుమారు 15,000 మందియని చెప్పుదురు. నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని ప్రత్యేక కన్సల్టింగ్ ఇంజనీరుగా ఆహ్వానించెను. ఆయన బొంబాయి ప్రభుత్వోద్యోగమును వదలి విదేశములలో పర్యటించుచుండిన కాలమది. ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగర పునర్నిర్మాణమునకు సలహా, సాయము చేయుట మొదటిది. ఇకమీద వరదల నుండి నగరమును కాచుటకు ప్రతిపాదనలు చేయుట రెండవది. నగరమునకు మురుగునీటి పారుదల పథకము సిద్ధపరచుట మూడవది. వ్రేళ్లపై లెక్కింపదగిన మూడు మాటలు.

ఆయన 1909 ఏప్రిల్ 15న హైదరాబాదు చేరిరి. వర్షపాతపు లెక్కలు సేకరించిరి, నదిని కొలిపించిరి. నగరమునకు ఎగువన పరీవాహక ప్రాంతమునందలి 788 చెరువులలో 221 తెగినవని తేలెను. నగరములో నది గట్లను ఎత్తు చేయుట అందరికి తోచు ఉపాయము. కాని రక్షణ నగరమునకు ఎగువన, వరదనీటిని నిలువరించు జలాశయములలో నున్నదని ఆయన నిర్ణయించిరి. మూసీపై ఒకటి, దాని ఉపనదియైన ఈసాపై ఒకటి కట్టవలెనని వ్రాసి, అక్టోబరు 1న నివేదికను సమర్పించిరి. ఆ నవంబరులోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెడలిరి. మురుగునీటి పథకమునకై తరువాతి కాలమున మరల పిలిచినపుడు వచ్చి సలహా చెప్పిరి.

ఆయన వెడలిన పిదప, 1911లో నిజామే మారెను. మహబూబ్ అలీఖాన్ గతించి ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కెను. జలాశయములను కట్టినవారు వేరు ఇంజనీర్లు. గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. నివేదికకు, రెండవ జలాశయమునకు నడుమ పదునెనిమిదేండ్లు. సలహాదారుడు ఎదుట లేడు, ప్రభువు మారినాడు, చేతులు మారినవి. కార్యము మాత్రము దారి తప్పలేదు. ఏలయనగా ప్రశ్న స్పష్టము, సమాధానము స్పష్టము. దీర్ఘకార్యము నిలుచుటకు సలహాదారుడు దీర్ఘకాలము అంటిపెట్టుకొని యుండనక్కరలేదు. తాను లేకున్నను నడచునట్లు చేసి వెడలుటయే మేలైన సలహా. వసతిగృహపు పనిలో నేను చేసినది దీనికి సరిగా ఎదురు. నేను లేనిదే ఏ ప్లాను ఏదో ఎవరికిని తెలియని స్థితికి తెచ్చితిని. దానిని నా ప్రాముఖ్యమని మురిసితిని.

పూర్తియైన కార్యమునకు కూడ ప్రశ్నను మరచు ప్రమాదము తప్పదు. ఆ జలాశయములు నగరమునకు త్రాగునీటి నెలవులైనవి. త్రాగునీటికి జలాశయము నిండుగ నుండవలెను. వరద నాపుటకు వానకాలమున అందు కొంత చోటు మిగిలి యుండవలెను. రెండును ధర్మములే. ఈ రెంటిని తూచి నడపవలసినవాడు మొదటి ప్రశ్నను మరచినచో, రక్షణకు కట్టినదియే భయకారణమగును. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి నగరమున చెరువు తెగి పేటలు మునిగినపుడు, 1909లో అడిగిన ప్రశ్న ఇంకను సజీవముగ నున్నదని తెలిసినది.

ఇచట ఒక ఆక్షేపణ రాదగును. మొదట అడిగినదానినే పట్టుకొని కూర్చుండుట మూర్ఖత కాదా? అడిగినవాడే తప్పుగా అడిగియుండవచ్చును కదా? నిజమే. దీనికి సొన్నలిగె సిద్ధరాముని వృత్తాంతము జ్ఞాపకము చేసికొనవలెను. సొన్నలిగె యనగా నేటి షోలాపురము. సిద్ధరాముడు అచట వేలకొలది జనులతో చెరువు త్రవ్వించుచుండెను, గుడులు కట్టించుచుండెను. లోకోపకారమైన మహాకార్యమది. అల్లమప్రభువు అచటికి వచ్చి, చెరువు త్రవ్వు ఒడ్డవాని పేరుతో సిద్ధరాముని పిలిచెను. పనివారు తమ గురువును అవమానించెనని కోపించి రాళ్లు రువ్విరి. ఆ రాళ్లు ప్రభువును తాకలేదని మన గ్రంథములు చెప్పును. తుదకు సిద్ధరాముడు ప్రభువుతో సంభాషించి, బయట చెరువులు త్రవ్వుచు లోపలి ఊటను మరచితినని గ్రహించి, ఆయన వెంట కల్యాణమునకు వెళ్లెను.

అల్లమప్రభువు చెరువు చెడ్డదనలేదు. ఆ చెరువు నేటికిని షోలాపురమున నున్నది. ఆయన అడిగినది ఒక్కటే: ఇదంతయు దేనికొరకు? దీర్ఘకార్యమున మునిగినవానికి ఈ ప్రశ్న రాయివలె తగులును. పనివారు రాళ్లు రువ్వుటలో ఆశ్చర్యము లేదు. మన సభలలోను, దేనికొరకని అడిగినవానిపై మాటల రాళ్లు పడుట చూచుచునే యున్నాము. సిద్ధరాముని గొప్పతనము ఆ ప్రశ్నను వినుటలో నున్నది.

కావున లక్ష్యమునకు, ఉపాయమునకు భేదమెరుగవలెను. లక్ష్యము పిల్లలకు నీడ. ప్లాను ఉపాయము. నగరరక్షణ లక్ష్యము, గట్టు ఎత్తుట ఒక ఉపాయము. విశ్వేశ్వరయ్య గారు లక్ష్యమును విడువక ఉపాయమును నగరము వెలుపలికి మార్చిరి. నేను లక్ష్యమును విడిచి ఉపాయములను అలంకరించితిని. ఉపాయమును పట్టుకొని లక్ష్యమును వదలుట మొండితనము. లక్ష్యమును పట్టుకొని ఉపాయమును మార్చుట వివేకము. లక్ష్యమే తప్పని తోచినచో దానిని చాటుగ మార్చరాదు. అడిగినవాని ముందు నిలిచి, మీ ప్రశ్నయే మారవలెనని బయటపడి చెప్పవలెను.

ఆచరణలో ఇది ఎట్లు? మన నిత్యవిధియే దారి చూపుచున్నది. ఇష్టలింగము అరచేతిలో ఇముడును. దానిని పెద్దది చేయుము, చిత్రములు చెక్కించుము అని ఎవరును కోరరు. ప్రతిదినము అదే లింగమును చేత నుంచుకొని చూపు నిలుపుదుము. నిన్న చూచితిని గదా, నేడు అక్కరలేదని అనము. దీర్ఘకార్యము చేయువాడును మొదటి తీర్మానమును ఒక్క పుటలో వ్రాసికొని, పనికి కూర్చుండునపుడెల్ల దానిని చదువుకొనవలెను. అరచేతిలో ఇమడని లక్ష్యము లక్ష్యము కాదు. ఈ వారము నేను చేసినదానిలో ఏది ఆ పుటకు చెందును, ఏది చెందదు అని తన్ను తాను అడుగుకొనవలెను.

రెండవది లెక్క. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారి. రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొండెములు చెప్పినపుడు బిజ్జలుడు లెక్క అడిగెను, బసవేశ్వరుడు వెంటనే చూపెను, ధనము తరుగలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన మనకు తెలియును. ఇందలి మహిమను భక్తులు ఎరుగుదురు. మహిమతోబాటు ఒక మర్యాద కూడ ఇందున్నది. ఏనాడు అడిగిన ఆనాడే చూపుటకు సిద్ధముగ నుండుట. సొమ్మునకే గాక కాలమునకును ఇట్టి లెక్క కావలెను. ఇంత కాలము గడచినది, ఇంత పని ముగిసినది, ఇంత మిగిలినది యని నెలనెలకు సలహాదారుడు తానుగా చెప్పవలెను. ఆలస్యమును మొదట చెప్పవలసినవాడు అతడే. ఇతరులు కనిపెట్టువరకు ఊరకుండుట అసత్యముతో సమానము.

మూడవది ఎక్కువైన గింజలను తిరిగి పోయుట. అడిగినవారు కొత్తది కోరినపుడు కాదనుట అవిధేయత కాదా యని శంకింపవచ్చును. కాదనవలసిన పనిలేదు. ఇది వేరు ప్రశ్న, దీనికి వేరు తీర్మానము, వేరు సొమ్ము, వేరు కాలము కావలెను, మొదటిదానికి ఇంత ఆలస్యమగును, సమ్మతమేనా యని వినయముతో అడిగిన చాలును. ఆ ఆలస్యమెవరిపై పడునో కూడ చెప్పవలెను. మా సభలో నేను ఒక్కసారియైనను, ఈ మండపము వలన పిల్లలు ఇంకొక వానకాలము పాకలో పడుకొందురు అని పలికియుండినచో, ఆ దాతయే వలదనియుండును. దాతలు చెడ్డవారు కారు. వారికి పాక కనబడలేదు. చూపవలసిన నేను ప్లాను చూపితిని.

మఠాధిపతులకు, ధర్మకర్తలకు కూడ ఒక విన్నపము. సలహాదారుని పిలిచినపుడు ఒకే నోటితో అడుగుడు. పదిమంది పది విధముల అడిగినచో అతడు అందరిని మెప్పింపజూచును, ఎవరికిని పని చేయలేడు. అతనిని మెచ్చుకొనుటకు ముందు, ఎవరికొరకు ఈ కార్యము తలపెట్టితిమో వారిలో నొకరిని సభకు పిలిచి అడుగుడు. మా సభలలో అరువదిమందిలో ఒక్క బాలుడును ఎన్నడు కూర్చుండలేదు. అనుభవమంటపమున త్రాళ్లు పేనువాడును, కట్టెలు కొట్టువాడును తమ మాట చెప్పిరని మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ గర్వము మన కమిటీ గదులలో కనబడవలెను.

కంబళ్లు నేయువాడు వెళ్లిన మరునాడు నేను ధర్మకర్తలను కలిసి, మినిట్స్ పుస్తకములోని మొదటి తీర్మానమును చదివి వినిపించితిని. చాలసేపు ఎవరును మాటాడలేదు. ప్లానులన్నియు చుట్టి పెట్టి, మొదటి దానినే చేపట్టితిమి. పదునాలుగు నెలలలో వసతిగృహము లేచెను. మండపము లేదు, గ్రంథాలయము లేదు. కురియని కప్పు, అరువది పడకలు, ఒక వంటయిల్లు కలవు. అడుగని ప్లానులకై నేను పుచ్చుకొనిన వేతనమును మఠమునకు తిరిగి చెల్లించితిని. లక్కమ్మ మాట కొంత నిలిపితినని ఆనాడు అనుకొంటిని.

పిదప ఆ బాలుని కొరకు వారి ఊరు వెళ్లితిని. వాడు తండ్రి ప్రక్కన మగ్గము వద్ద కూర్చుండి యున్నాడు. పని చక్కగ నేర్చెను. మరల చదువుకొందువా యని అడిగితిని. తనకంటె చిన్నవారితో కూర్చుండుటకు సిగ్గని, తమ్ముని పంపుదునని చెప్పెను. తమ్ముడు వచ్చెను, ఇప్పుడు ఆ గృహమునందే ఉండి చదువుచున్నాడు. మగ్గము కాయకమే, దానిలో తక్కువ లేదు. కాని ఆ బాలుడు దానిని ఎన్నుకొనలేదు. నా ఆలస్యము వానికై ఎన్నుకొనినది.

మారయ్య ఎక్కువైన గింజలను తిరిగి పోయగలిగెను. సొమ్మును నేనును తిరిగి ఈయగలిగితిని. ఎక్కువైన మూడేండ్లను ఎక్కడ పోసి రావలెనో నాకు తెలియలేదు. దీర్ఘకార్యమునకు పూనుకొను యువకులు దీనిని ముందుగనే ఎరిగి యుండుదురు గాక.